పాత జట్టు మీద కొట్టిన గోల్

బెల్జియం,
మార్చి, ఆదివారం మధ్యాహ్నం.

ఖతునాకి,

నేను బాగున్నాను. మోకాలు నా అంత బాగా లేదు, అయినా నడుస్తోంది. నువ్వూ మన పాప తెక్లే కులాసాగా ఉన్నారనీ, పక్కింటి గురామ్ బాబాయ్ ఆపరేషన్ అయిన కంటితో మళ్ళీ వీధిలో అందరి వ్యవహారాలూ చూసుకుంటున్నాడనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. లారీ డ్రైవరు చేతికిచ్చి పంపిన ఆల్‌బుకరా పచ్చడి సీసా పగలకుండా చేరింది. ఉత్తరాన్ని సీసాకే చుట్టి పంపావు కాబట్టి ఒక మూల ఇంకా పుల్లటి వాసన వేస్తోంది. ఆ మూలని అప్పుడప్పుడూ వాసన చూస్తున్నాను, నవ్వకు.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని మా గోల్ కీపరు వేళాకోళం చేస్తాడు. వాడికి పెళ్ళి కాలేదు. ఫోనులో తెక్లె మధ్యలో దూరుతుంది, నా మొహం నీకు కనబడుతూ ఉంటుంది. నీకు చెప్పాల్సినవి కొన్ని నా మొహం పక్కన లేనప్పుడే చెప్పగలను.

నువ్వు అడిగినవాటికి వరుసగా కాకపోయినా జవాబులు రాస్తాను. తిండికి లోటు లేదు. క్లబ్బులో పెట్టేది ఉప్పు లేని కోడిమాంసం, ఉప్పు లేని అన్నం. ఇంటికొచ్చి దాని మీద నీ పచ్చడి వేసుకుంటున్నాను. జుట్టు నేనే కత్తిరించుకున్నాను, ఫోనులో చూసి నీకు తెలిసే ఉంటుంది. మంచుబూట్లు ఇంకా లోపల పెట్టలేదు, ఇక్కడ చలికి వెళ్ళే బుద్ధి పుట్టలేదు.

"మనుషులతో మాట్లాడుతున్నావా?" అని అడిగావు. మాట్లాడుతున్నాను. ఆరు భాషల్లో "నీ వెనక మనిషి ఉన్నాడు" అనడం నాకు వచ్చు. "ఇటివ్వు", "వదిలెయ్", "నాది" అనడం కూడా వచ్చు. నిన్న మెట్ల మీద పై అంతస్తు పెద్దావిడ ఎదురైంది. నల్లబట్టల్లో ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. ఏమైందమ్మా అని అడుగుదామనుకున్నాను. ఆ మాటలు ఈ భాషలో నాకెవరూ నేర్పలేదు. సంచీ అందుకుని పైదాకా మోసిచ్చాను. ఆవిడ తలుపు వేసుకుంది, నేను కిందికి దిగొచ్చాను. ఇక్కడ నా సంభాషణలు ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి.

ఇక గురామ్ బాబాయ్ సంగతి. తెక్లె పుట్టినరోజు విందులో గ్లాసు పట్టుకుని లేచి, "మన మల్ఖాజ్ గోల్ కొట్టి, పక్కింటి కిటికీ పగలగొట్టినవాడిలా నిలబడ్డాడు" అన్నాడని రాశావు. అందరూ నవ్వారనీ, నువ్వు మాత్రం నవ్వలేదనీ, ఆ రోజు నాకేమైందనీ అడిగావు. ఫోనులో అడిగినప్పుడు ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడం కాదు.

ఆ మ్యాచ్ ఎవరితోనో నీకు తెలుసు. పెళ్ళయ్యాక మనం నిజంగా కాపురం పెట్టిన ఊరు అది, ఈ దేశంలోనే. ఖార్కివ్‌లో నేను ఒంటరిగా ఉన్నాను, పోలండ్‌లో నువ్వు నాలుగు నెలలు ఉండి దగ్గుతో వెళ్ళిపోయావు. మనిద్దరం సరిగ్గా ఒక ఇంట్లో ఉన్నది ఆ ఊళ్ళోనే. తెక్లె పుట్టింది అక్కడే. తర్వాత గ్రీసులో ఒక ఆదివారం నన్ను భుజాల మీద మోశారు, ఆ పై ఆదివారం మా బస్సు మీద రాళ్ళు వేశారు. ఆస్ట్రియాలో మోకాలు కోయించుకుని ఏడాదంతా కొండలు చూస్తూ కూర్చున్నాను. సైప్రస్‌లో బాగానే గోల్స్ కొట్టాను కానీ చూసేవాళ్ళు లేక, బయట కుక్క మొరిగితే మైదానంలోకి వినపడేది. చివరికి మళ్ళీ ఈ దేశానికే వచ్చాను, రెండో స్థాయి జట్టుకి. మన పాత జట్టు కూడా కిందికి జారి ఈ స్థాయికే వచ్చింది.

మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. పాత జట్టు మీద గోల్ కొడితే సంబరం చేసుకోకూడదు. రెండు చేతులూ ఎత్తి అరచేతులు చూపించి, తల దించుకుని, మెల్లగా వెనక్కి నడవాలి. మీ ఉప్పు తిన్నాను, మరిచిపోలేదు అని దానర్థం. ఇలా ఊళ్ళు మారుతూ పోతే నీకు సంబరం చేసుకోవడానికి చోటు మిగలదు అని నువ్వొకసారి వెక్కిరించావు, గుర్తుందా?

ఆ రోజు మేం గెలిచి తీరాలి. గెలిస్తే పై స్థాయికి వెళ్ళే వరుసలో ఉంటాం. ఒక గోల్ వెనకబడి ఉన్నాం, ఆట అయిపోవస్తోంది. కుడివైపు నుంచి బంతి వచ్చింది, తలతో కొట్టాను. లోపలికి వెళ్ళింది. స్కోరు సమమైంది. అలాంటప్పుడు ఏ కుర్రాడైనా చేసే పని ఒకటే. వలలోంచి బంతి లాక్కుని మధ్యగీతకి పరిగెత్తాలి, ఇంకొకటి కొట్టడానికి. నేను పరిగెత్తలేదు. బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని వదిలేసి రెండు చేతులూ ఎత్తి, ఆ వైపు జనానికి అరచేతులు చూపించాను. ఆ గ్యాలరీ వెనకే మన వీధి. నువ్వు బండిలో తెక్లెని తోసుకుంటూ నిలబడే గేటు కనబడుతోంది. వాళ్ళ గోల్ కీపరు నా వెనక తాపీగా బంతి తీసి, తుడిచి, ఇంకా తాపీగా విసిరాడు. ఆట మళ్ళీ మొదలవుతూనే ముగింపు విజిల్ వేశారు.

లోపల గదిలో కోచ్ నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అరవలేదు.

"ఎవరు చచ్చిపోయారని అలా నిలబడ్డావు?" అన్నాడు.

"నా పాత జట్టు గదా" అన్నాను.

"ఎవరు, వీళ్ళా? ఎప్పుడు ఆడావు నువ్వు వీళ్ళకి?"

చెప్పాను. ఆయన సహాయకుడి వైపు చూశాడు, సహాయకుడు భుజాలెగరేశాడు. బయట ఆ ఊరి విలేఖరి ఒకడు ఆపి, గోల్ కొట్టి కూడా అలిగారేం, కోచ్‌తో గొడవా అని అడిగాడు. ఆ ఊరివాడే, ఖతునా. నేను ఎవరికి దణ్ణం పెట్టానో ఆ జనంలో ఒక్కరికీ నేను గుర్తు లేను.

మర్నాడు సెలవు. రైలెక్కి ఆ ఊరు వెళ్ళాను. మనింటికి రంగు మార్చారు, గంట దగ్గర వేరే పేరుంది. మూలమీది రొట్టెల కొట్టుకి వెళ్ళాను. ఎండుద్రాక్ష రొట్టె, తెక్లె కొత్త పళ్ళతో నమిలి జుట్టంతా పూసుకునేది చూడు, అది ఒకటి ఇమ్మన్నాను. అదే ఆవిడ. బాగా లావయింది.

"ఊరికి కొత్తా?" అంది నవ్వుతూ.

అవునన్నాను. ఏడుపొచ్చింది. రొట్టె రైల్లోనే తినేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు తర్వాత నేను మళ్ళీ మైదానంలోకి దిగలేదు. మోకాలికి విశ్రాంతి ఇస్తున్నారని నీకు చెప్పినది నిజం కాదు. మొదట బెంచీ మీద కూర్చోబెట్టారు, తర్వాత బెంచీ మీది నుంచి కూడా లేపేశారు. శనివారాలు నేను జనంతోపాటు పైన కూర్చుని చూస్తున్నాను. ఒప్పందం పొడిగించడం లేదని పోయిన వారం మర్యాదగా చెప్పారు.

నీ ఉత్తరంలో చివరి మాటకి ఇంకా జవాబు రాయలేదు. "జూన్‌లో ఇంటికా, ఇంకో జట్టుకా? సంతకం పెట్టాక కాదు, ముందే చెప్పు" అన్నావు. ఏజెంట్ ఇరాక్లీ మొన్న ఫోన్ చేశాడు. కజక్‌స్తాన్‌లో ఒక జట్టుకి అనుభవమున్న స్ట్రైకర్ కావాలట, రెండేళ్ళట.

"ఒద్దురా" అన్నాను.

"ఖతునాని అడిగావా?"

"అడగలేదు."

"నీ వయసుకి ఇది పోతే ఇంకోటి రాదు, మల్ఖాజ్. రేపు వచ్చి నన్ను తిట్టకూడదు."

తిట్టనని చెప్పి ఫోను పెట్టేశాను. కాబట్టి సంతకం పెట్టాక చెప్పడం లేదు, పెట్టనని చెప్పేశాక చెబుతున్నాను. ఇంకే జట్టూ లేదు. నేను ఇంటికి వస్తానంటున్నాను.

అది రాయడానికే ఇన్ని కాగితాలు పట్టింది. ఎందుకో చెబుతాను. చలికాలం సెలవులకి వచ్చినప్పుడు మన కుతైసీ విమానాశ్రయంలో తెక్లె నీ పక్కనే నిలబడి ఉంది. నేను వంగాను. అది చెయ్యి చాపి, "ప్రయాణం బాగా జరిగిందా, మీకు?" అంది. మీకు, అంది. మర్యాద నేర్చిందని అందరం మురిసిపోయాం. ఆ వారమంతా కాఫీ పొడి ఎక్కడుందో నిన్ను అడిగే తీసుకున్నాను. నువ్వు నీ మ్యూజిక్ పాఠాల పిల్లలకి ముందు గది ఇచ్చావు, నేను వంటింట్లో కూర్చున్నాను. రాత్రి మంచం మీద నువ్వు మధ్యలో పడుకునే అలవాటు చేసుకున్నావు, నన్ను చూసి పక్కకి జరిగావు. నేను ఆ ఇంట్లో పాత జట్టు మైదానంలో తిరిగినట్టే తిరిగాను. చప్పుడు చేయకుండా, ఎవరి చోటూ తీసుకోకుండా.

నాకు భయంగా ఉంది, ఖతునా. ఇన్నేళ్ళూ మీరిద్దరూ నేను లేని ఇల్లు ఒకటి కట్టుకున్నారు. అందులో నాకు చోటు లేకపోతే తప్పు నీది కాదు. రావద్దనుకుంటే వద్దనే రాయి. కుతైసీలో వేరే గది చూసుకుని, అక్కడినుంచి ఆదివారాలు వస్తాను. నీ జవాబు వచ్చేదాకా టికెట్ కొనను.

రమ్మంటే మాత్రం ఒక మాట. తెక్లెని చెయ్యి చాపమని నేర్పకు. నేను కూడా అరచేతులు చూపించి తల దించుకుని రాను. ఆ అద్దాల తలుపు తెరుచుకోగానే అరుచుకుంటూ పరిగెత్తుకొస్తాను, మోకాలు ఒప్పుకున్నంత వేగంగా. టాక్సీవాళ్ళు చూసినా సరే, గురామ్ బాబాయ్ ఏడాదిపాటు చెప్పుకున్నా సరే. తెక్లెకి ముందే చెప్పి ఉంచు, భయపడుతుంది. వాళ్ళ నాన్న గోల్ కొట్టాక ఎలా ఉంటాడో అది ఎప్పుడూ దగ్గరనుంచి చూడలేదు.

ఇట్లు,
తెక్లె వాళ్ళ నాన్న,
నీ మల్ఖాజ్.