చెకప్ ముందు ఉప్పులేని పప్పు

మంగళవారం, రాత్రి.

రైల్వే మెడికల్ పరీక్ష దగ్గరపడితే చాలు, రైలు నడిపే మా ఆయన ఉప్పు మానేసి, కంటినిండా నిద్రపోయి బీపీ దించుకుంటాడు. లేకపోతే ఇంజినెక్కనివ్వరు. నేను నెల తప్పినప్పటినుంచి ప్రతి చెకప్‌కి ముందు నాతోనూ అదే చేయించాడు. పెళ్ళికి ముందునుంచీ ఉన్న నా బీపీ ఆ ఒక్క పూట బుద్ధిగా ఉండేది. డాక్టరమ్మ మందు పెంచలేదని ఇద్దరం సంబరపడ్డాం.

ఈరోజు రక్తం, మూత్రం రిపోర్టులొచ్చాయి. కిడ్నీలు దెబ్బతింటున్నాయట. బిడ్డ కూడా సరిగా ఎదగడం లేదట. రేపే అడ్మిట్ అవ్వాలి. ఏడో నెలలోనే కాన్పు చేయాల్సి రావచ్చంది. “మిగతా రోజుల్లో ఇంట్లో బీపీ చూసుకోలేదా?” అని తెలుగు రాని ఆ డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఈయన తల దించుకున్నాడు.

బయటికొచ్చాక అన్నాడు: “నాలుగ్రోజులు టైమిస్తే తగ్గించుకొచ్చేద్దుమే.”

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పాపం, ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఇందాక పప్పన్నం కలిపి తెచ్చాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

“తినీయే. ఏటీ అవదు. రేపటికి తగ్గిపోద్ది.”

తిన్నాను. ఇంకేం చెయ్యాలో నాకూ తెలియదు.