స్కేలు నాలుగు

తమ్ముడూ,

ఇవాళ నీ సంవత్సరీకం. జిన్నింగ్ మిల్లు యజమాని మన బ్రాడీపేట ఇంటికి వచ్చారు.

మిషను కంపనాలు రికార్డు చేసి, వాటిని ఓ చిన్న అలతో పోల్చి కొలిచే వేవ్‌లెట్ లెక్క కట్టి, బేరింగ్ పగులుతోందని నువ్వు ఆయనకు చెప్పావు. పగులు జాడ స్కేలు నాలుగు దగ్గర ఉందన్నావు. ఆయన దాన్ని సెకనుకు నాలుగు కంపనాలనుకున్నారు. "నాలుగేగా, సీజన్ అయ్యాక చూద్దాంలేవయ్యా" అన్నారు. ఆ వారంలోనే బేరింగ్ విరిగింది. పక్కన నువ్వున్నావు.

కొత్త ఇంజనీరు ఇప్పుడు ఆయనకు విడమరిచి చెప్పాడట. కొలిచే అలను కుదించేకొద్దీ స్కేలు తగ్గుతుంది, అది పట్టే కంపనం వేగం పెరుగుతుంది. అక్కడ నాలుగంటే సెకనుకు వేలల్లో అని.

"అప్పుడు తెలియలేదమ్మా. ఇప్పుడు పడుకున్నా ఆ బేరింగ్ విరిగినప్పటి కీచు చెవుల్లోనే ఉంటోంది. క్షమించానని ఒక్క మాట అనండి" అన్నారు.

"మావాడు చెప్పలేదా అండీ?"

"చెప్పాడు. నేనే నవ్వాను."

కాఫీ ఇచ్చాను. ఆ మాట మాత్రం అనలేదు.

ఆయన వెళ్లాక దీపం పెట్టి, ఆయనకు నిండు నూరేళ్ల ఆయుష్షు ఇవ్వమని దేవుణ్ణి వేడుకున్నాను. చెవులు కూడా చివరిదాకా బాగా వినిపించాలని.

అక్క