పారేసిన రాళ్లలో నార

కోయిలకుంట్లలో ఉన్న మా అక్క లక్ష్మమ్మకు, పులివెందుల సీమ నుండి తమ్ముడు రామన్న నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నీ మోకాళ్ల నొప్పి, బావ కంటిచూపు ఎలా ఉన్నాయో రాయించు.

గనిలో రాళ్లు తూచే గుమాస్తా పని సాగుతోంది. ఎండలు మండుతున్నాయి. జొన్నరొట్టె, ఊరిబిండి దొరుకుతున్నాయి. తినేటప్పుడు పలకరించే మనిషే లేదు. దగ్గు కొంచెమే, దిగులు పడవద్దు.

ఒక తప్పు చేశానక్కా. ఇక్కడ రాతినార తీస్తారు. రాయి పగలగొడితే దూదిలా పీచు లేస్తుంది. పొడుగు నార గనివాళ్లు తీసుకుంటారు, తక్కినది రాళ్లతోపాటు దిబ్బ మీద పారేస్తారు. ఊరి ఆడవాళ్లు ఆ రాళ్లు కొట్టి పొట్టి నార ఏరి అమ్ముకుంటారు. కావలివాడు గంపలు లాక్కుని తరుముతాడు. వాళ్లలో నాగమ్మకు మొగుడు లేడు, ఇద్దరు బిడ్డలు. ఆ దిబ్బే ఆమెకు చేను.

ఏరేవాళ్లకు చీటీలిచ్చి నియమం పెట్టండని పైఅధికారికి అర్జీ రాశాను. రాస్తుంటే నాగమ్మ అంది: "ఏమప్పా, దిబ్బలో శానా నార ఉండాదని మాత్రం రాయొద్దు. చెత్త ఏరుకుంటాండామని రాయి, సాలు."

"గట్టిగా వాదించకపోతే దొర వినడమ్మా" అన్నాను. గనివాళ్ల చేతకానితనం ఎండగడదామని, ఎంత మంచి నార మట్టిపాలవుతోందో రెండు పుటలు దంచేశాను. చదువుకుని నేనే మురిసిపోయాను.

నియమం వచ్చింది. వచ్చే అమావాస్యకు దిబ్బ వేలం. పాడుకున్నవాడికే చీటీ. తక్కినవాళ్లు ముట్టుకుంటే దొంగలట! అప్పుడే చుట్టూ ముళ్లకంప వేశారు. నియమం ఉండాలనే ఇప్పటికీ అంటాను. బీదల పేర అడిగిన నియమం ఉన్నవాడి ఇంటికెందుకు నడిచిపోవాలి? నన్ను నేనే అడిగి అడిగి అలసిపోయానక్కా.

నిన్న నాగమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. "నీ రాతకు దిబ్బ పాయ. ఇంగ నువ్వే రాయాల. ఈతూరి నే సెప్పిందే రాయి. మీ ఇండ్లల్లో నేతకు మిగిలిన నూలు ఎవురిదప్పా?"

నేత అయ్యాక మగ్గం మీద మిగిలే పడుగు కొసలు మన అమ్మవే కదా. నూలిచ్చిన సావుకారు ఏనాడూ అడగలేదు. అదే చెప్పాను.

"మరి ఆ మాట రాసినావా?" అంది.

రాయలేదు. ఈసారి అర్జీ మూడే వరుసలు: నేతకు మిగిలిన నూలు నేసినవాళ్లదైనట్టే, గనివాళ్లు పారేసిన రాయి ఏరుకునేవాళ్లదని. నా మాట ఒక్కటి కలపనివ్వలేదు.

నూలు విషయంలో ఆ వాడుక నిజమేనని ఒక కాగితం రాయించి, బావచేత, మన నేత పెద్దలచేత సంతకాలు పెట్టించి, అమావాస్య లోపల అందేలా పంపు. పాత గుడ్డపేలికలు కూడా ఒక మూట పంపు. రాళ్లు కొట్టేటప్పుడు ఆడవాళ్లు దుమ్ముకు మూతికి కట్టుకుంటారు. దిబ్బ దక్కుతుందనే పేలికలు అడుగుతున్నాను.

పెద్దలందరికీ నా దండాలు. బిడ్డలకు ముద్దులు.

నీ దీవెన కోరే తమ్ముడు,
రామన్న