శనివారం మంచివాడు

తెల్లాపూర్,
గురువారం

బిడ్డ వేణుకు నాయిన రాసేది,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నీ ముందు కూర్చుంటే నాకు మాట రాదు, నీకు తెలిసిందే. అందుకే రాసి నీ లాప్‌టాప్ సంచిలో పెడుతున్నాను.

సోమవారం పొద్దున బాల్కనీలో తువ్వాలు ఆరేస్తున్నాను. నువ్వు అవతలి మూల ఫోన్‌లో ఉన్నావు. వినాలని వినలేదు. "మా టీమ్‌ల నుంచి వెంకట్ పేరు ఇస్తున్న సార్. నేనైతే చెప్పను, నెలాఖరుకు హెచ్చార్ వాళ్ళే చెప్పనీ" అన్నావు. తర్వాత నన్ను చూశావు. అడగకముందే నువ్వే అన్నావు: "ఒకర్ని తీసెయ్యమని పైనుంచి చెప్పిన్రు నాయినా. ఆడ పేరిచ్చేది నేను గాదు, నా కుర్చీ. నువ్వు ఫికర్ చెయ్యకు."

నాకు కోపం రాలేదు. బాధ కూడా రాలేదు. మీ అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఏదీ తగలడం లేదు. చన్నీళ్ళలో చాలాసేపు పెట్టిన చెయ్యిలాగ ఉంది లోపల. తువ్వాలు ఆరేసి, లోపలికొచ్చి ఉప్మా తిన్నాను. కానీ మీ శనివారం ఆటే మాటిమాటికీ గుర్తొస్తోంది.

ఆ ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. పై అంతస్తు ఉమాశ్రీగారు మన ఇంటికొచ్చి కథ చెబుతారు. అందులో మీ మీ మనుషులు ఏం చేస్తారో మీరు చెబుతారు. తెగనిదాన్ని పాచికలు తేలుస్తాయి. ఒక్కొక్కరికీ ఒక కాగితం, దాని మీద పేరు, బలం, గుణం. నీవాడు కత్తి పట్టిన వీరుడు, గుణం మంచి, వెంట నడిచేవాణ్ణి వదలనని ప్రమాణం చేసినవాడు. మీ ఆఫీసు వెంకట్ ఆడించేవాడు దొంగ, గుణం స్వార్థం. నేను ఊరికే కూర్చున్నానని నాకు దివిటీ మోసే పని ఇచ్చారు. "మీకు గుణం రాయక్కర్లేదండి బాబాయిగారూ, వెలుగు చూపిస్తే చాలు" అన్నారు ఉమాశ్రీగారు.

పోయిన శనివారం కథలో మీకు రాక్షసుడి పనివాడు ఒకడు చిక్కాడు. కాళ్ళు పట్టుకున్నాడు. "వీన్ని ఇడిస్తే పోయి చెప్తడు, ఏసెయ్యాలె" అన్నాడు వెంకట్. "నా మనిషి ఉండంగ గట్ల చెయ్యనియ్యడు" అన్నావు నువ్వు.

"నీ మనిషికి పుణ్యం, నాకు పరేషాన్. గుడి కట్టిస్త తియ్యి నీకు" అన్నాడు వెంకట్.

అందరూ నవ్వారు. ఉమాశ్రీగారు మాత్రం, "కాగితం మీద మంచి అని రాసుకుంటే సరిపోదండీ వేణుగారూ. చేతల్లో కనపడకపోతే ఆ మాట నేనే కొట్టేస్తాను" అన్నారు. నువ్వు ఆ పనివాణ్ణి వదిలేశావు. తాగడానికి నీళ్ళు కూడా ఇచ్చావు.

ఆ రోజే బిర్యానీ తింటూ వెంకట్ చెప్పాడు కదా, వచ్చే నెల వాళ్ళ అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అని, ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు మీద చేయిస్తానని. ఉద్యోగం పోతే కార్డు కూడా పోతుంది. ఇప్పుడే తెలిస్తే ఈ నెలలోనే చేయించుకుంటాడు. పేరు మార్చమని నేననను, మీ ఆఫీసు సంగతులు నాకు తెలియవు. వాడికి చెప్పమని మాత్రం అంటున్నాను. ఆటలో 'నా మనిషి' అంటావు, ఆఫీసులో 'కుర్చీ' అంటావు. నిన్ను ఎక్కడ పట్టుకుని అడగాలో నాకు తెలియడం లేదు.

మీ నాయిన
రాజయ్య


శనివారం పొద్దున

వేణూ,

సంచిలో ఉత్తరం లేదు, అంటే చదివావు. నిన్న అన్నం దగ్గర "పప్పుల ఉప్పెక్కువైంది" అన్నావు. ఇవాళ చెప్పులు వేసుకుంటూ, "సాయంత్రం ఆట ఉన్నది నాయినా, పండుకోకు" అన్నావు. అంతే.

వెంకట్‌కు నువ్వు చెప్పలేదని నీ మెడ చూస్తే తెలుస్తోంది. చిన్నప్పుడు కూడా ఏదన్నా దాస్తే మెడ అట్లాగే బిగబట్టేవాడివి. ఆట ముగిసేలోపు నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. బెదిరించడం కాదు. నీకు ముందుగా తెలియాలని రాస్తున్నాను.

రాజయ్య


ఆదివారం

వేణూ,

నిన్న నువ్వు చెప్పలేదు.

కథలో కొండ లోపల రాతి తలుపు దిగుతోంది. ఒకరు భుజం పెట్టి ఆపితే మిగతావాళ్ళు బయటపడతారు, ఆపినవాడు లోపలే ఉండిపోతాడు. ప్రమాణం నీది కాబట్టి అందరూ నీ వైపు చూశారు. నువ్వు కాగితం వైపు చూస్తూ "నా మనిషి..." అని ఆగిపోయావు. వెంకట్ చిప్స్ నములుతూ, "నా దొంగ ఆపుతడు. మీరు పోన్రి" అన్నాడు.

"ఏంటి వెంకట్, మీవాడిది స్వార్థం కదా! అలా ఎలా చేస్తాడు?" అన్నారు ఉమాశ్రీగారు.

"రోజూ గదే ఉంటదా ఉమక్కా? ఇయ్యాల ఆనికి మనసైంది."

పాచికలు వేశాడు. తప్పించుకోవడానికి పడిన అంకె చాలలేదు, దొంగ లోపలే చచ్చాడు. "దివిటీ ఏం చేస్తుంది బాబాయిగారూ?" అని నన్ను అడిగారు. బయటికి వస్తానన్నాను. లోపల చీకటైపోయిందన్నారు. వెంకట్ కాగితం మీద స్వార్థం కొట్టేసి మంచి అని రాశారు. నీ కాగితం ముట్టుకోలేదు. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. నేను చూశాను, వెంకట్ కూడా చూశాడు. నాకేమీ అనిపించలేదు.

పాలప్యాకెట్ తెస్తానని వెంకట్‌తో పాటు లిఫ్టులో దిగాను. వాడు బండి తీస్తుంటే అంతా చెప్పేశాను. హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగి, "తెలుసు పెద్దనాయినా" అన్నాడు.

"వేణు చెప్పిండా?"

"చెప్పలె. నాతోని చాయ్‌కు వచ్చుడు బంద్ చేసిండు. గా మాత్రం సమజ్ కాదా? అమ్మ ఆపరేషన్ ముందుకు జరిపిచ్చిన. మంగళారం, మదీనాగూడ దవాఖానలనే."

"మరి వాణ్ణి పట్టుకొని ఎందుకు అడగకపోయినవు?"

"అడిగితే పైనోళ్ళు చెప్పిన్రు, నా చేతుల లేదు అంటడు. గది ఇన్నంక మల్ల ఆని మొఖం చూడబుద్ది కాదు నాకు. ఎనిమిదేండ్ల దోస్తు."

"ఆటల ఎందుకు సచ్చినవు మరి?"

వాడు నవ్వాడు. "ఇగ నేను రాను గద పెద్దనాయినా. ఆట నడుమల కుర్చీ ఖాళీ చేసి పోతే అందరికీ ఇబ్బంది. ఎట్లైనా పోవాలె, జర మంచిగ పోతే ఐపాయె. నాకు తెలుసన్నట్టు ఆనికి చెప్పకు. శనివారం పూటన్న ఆన్ని మంచిగుండనియ్యి."

సరే, చెప్పనన్నాను. వాడు వెళ్ళిపోయాడు. పాలు తీసుకోవడం మరిచి పైకి వచ్చాను. నువ్వు తలుపు తీసి "పాలేవి?" అని అడిగావు. అయిపోయాయన్నాను.

ఇచ్చిన మాట తప్పి ఇప్పుడు నీకు చెబుతున్నాను. తప్పయితే తప్పే, నాదే. నువ్వు శనివారం పూట మంచివాడివైతే వెంకట్‌కు చాలునేమో. నాకు చాలదు. నేను నీకు నాయినను, మిగతా రోజులు కూడా ఈ ఇంట్లోనే ఉంటాను.

వెంకట్‌కు తోడు ఎవరూ లేరు. తల్లిని లోపలికి తీసుకుపోయాక బయట బెంచీ మీద ఒక్కడే కూర్చోవాలి. మంగళవారం పొద్దున నేను ఆ దవాఖానకు పోతున్నాను. అక్కడ ఏం మాట్లాడాలో నాకు తెలియదు, ఊరికే కూర్చుంటాను. ఆటోలో పోవాలో, నీ కారులో పోవాలో తెలియక ఆగాను. ఒక్క ముక్క చాలు, తొందరగా జవాబు రాయి.

మీ నాయిన
రాజయ్య