తడిరోడ్డు మీద ఆ టైర్లు

తమ్ముడూ,
ఈరోజు కారు తీయకు. అమ్మను ఆసుపత్రికి టాక్సీలో తీసుకెళ్ళు.

నువ్వు ముచ్చటపడి వేయించిన వేసవి టైర్ల రకాన్నే నిన్న మా కంపెనీ టెస్టు ట్రాక్ మీద నడిపి చూశాను. పొడిరోడ్డు మీద మన పాతవాటికంటే ముందే ఆగాయి. నీళ్ళు చల్లాక మాత్రం బ్రేకు ఎంత తొక్కినా ఆగాల్సిన గీత దాటి జారిపోయాయి.

"అక్కా, నీకు అన్నీ భయాలే" అంటావు. టైర్లకంటే బ్రేకు తొక్కే నీ కాలు అంటేనే నాకు భయం. ఎండాకాలమంతా దానికి ధీమా అలవాటైపోయింది. వాన పడిందని దానికి ఎవరు చెబుతారు?

పాత టైర్లు మెట్ల కింద ఉన్నాయి. సాయంత్రం నేనే మార్పిస్తాను. తాళం తీసుకెళ్తున్నాను, తిట్టుకో.

రెండో తాళం మేకుకు లేదు. నిద్రలో ఉన్నావు, నీ జేబులు వెతకడానికి మనసొప్పలేదు. చినుకులు మొదలయ్యాయి.