ఏడో జెండా

అమ్మా,

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. మొన్నటి తుఫానుకి మన గోల్ఫ్ మైదానంలో నాన్న పచ్చిక పెంచి వేసిన ఏడో గ్రీన్ సగం సముద్రంలోకి జారిపోయింది. జెండా మాత్రం అంచున అలాగే నిలబడి ఉంది. నువ్వు గ్లాస్గోలో చెల్లి దగ్గరున్నావు, చూడలేదు. అదొక్కటే ఊరట.

బండరాళ్లతో గోడ కట్టాలని సగం మంది, ఆ చోటు వదిలేయాలని సగం మంది. క్లబ్ కెప్టెన్ని కాబట్టి శనివారం సభలో తేల్చాల్సింది నేను. గోడకే చెయ్యెత్తుదామనుకున్నాను. నిన్న సాయంత్రం పక్కింటి మర్డోతో వెళ్లి చూశాను. గొర్రెలు గాలికి ఓరగా ఇసుక గుంటలో పడుకున్నాయి. దిబ్బల మీద పొడుగాటి వెలుగు. ఈ మైదానం మనిషి గీసింది కాదు, గాలీ గొర్రెలూ కలిసి చేసుకున్నది, మనం జెండాలు గుచ్చామంతే అనిపించింది.

"ఏం కెప్టెనమ్మా, సముద్రంతో పందెమా?" అన్నాడు మర్డో.

"గెలుస్తానంటావా?"

"మీ నాన్న గొర్రెలతోనే గెలవలేదు. బంతి పోయినప్పుడల్లా అవే మింగాయనేవాడు."

నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇంతటి చోటుకి అడ్డంగా రాళ్లు పేర్చమనడానికి నేనెవర్ని? పేర్చకపోతే నాన్న చేతిపనిని నీళ్లపాలు చేసిన కూతుర్నవుతాను. ఏం చెయ్యను?

నీ ఇష్బెల్

ఇష్బెల్ తల్లీ,

పిచ్చిదానా, ఆ గ్రీన్ మీ నాన్న వేసింది కాదు, మోసింది. అసలు గ్రీన్ ఇప్పుడు సీల్ జంతువులు పడుకునే రాళ్ల దగ్గరుండేది, మా నాన్న కాలంలో. దాన్ని తరలించేనాటికి నేను కొత్త కోడల్ని. సముద్రం మీదికొస్తోందని పచ్చికని చాపల్లా చుట్టి, భుజాల మీద లోపలికి తెచ్చి పరిచాం. గౌను బురద చేసుకున్నానని మీ నాయనమ్మ ఎన్నాళ్లు సాధించిందో. తనే వేశానని గొప్పలు పోయేవాడు మీ నాన్న. ఉన్నన్నాళ్లూ పోనిచ్చాను.

చోటు సముద్రానిది. గడ్డి మనది. సగం మిగిలిందన్నావుగా, ఇంకా కూర్చున్నావేం?

అమ్మ

అమ్మా,

శనివారం సభలో ఓట్లు అడగలేదు. నీ ఉత్తరం అందరికీ పైకి చదివాను. చదవడం పూర్తవకముందే మర్డో పార కోసం లేచాడు. మర్నాడు ఆదివారం, ప్రార్థన రోజు, ఎవరూ పని ముట్టరు గనక పొద్దు గూకేలోపే ముగించాలని అందరం పరుగులు. తడి పచ్చిక చుట్ట భుజానికెత్తుకుంటే తెల్లటి గడ్డివేళ్లు మెడకి తగిలాయి. తాతయ్య నడిచిన గడ్డి అమ్మా, ఇంకా బతికే ఉంది.

దిబ్బ వెనక పరిచాం. చివరి చాప పరవకముందే గొర్రెలు మేతకొచ్చాయి.

జెండా నేనే గుచ్చాను. మరీ లోతుగా కాదు.

ఇష్బెల్