దేవుడు అడగని పట్టుముక్క

ఒరేయ్ తమ్ముడూ,

నీకూ, మరదలికీ, నా మేనకోడలికీ అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ మీరూ కులాసాగానే ఉండి ఉంటారు, లేకపోతే అంత పొడుగు వెటకారపు ఉత్తరం రాసే ఓపిక నీకెక్కడిది?

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం మీ బావ మీద కోపం వస్తుంది, మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నది ఆయనే కాబట్టి. కుట్టుమిషనుకి కొత్త బెల్టు వేయించాను, ఇప్పుడు నాకంటే బాగా పరుగెడుతోంది. మీ బావ కొత్త పళ్ళు కట్టించుకుని, నవ్వడానికి సాకులు వెతుక్కుంటున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న. ‘ఆదివారం ఆదివారం ఆసుపత్రికి వెళ్ళి ముసలివాళ్ళ గోళ్ళు కత్తిరిస్తున్నావట. పైన నీకు కిటికీ పక్క సీటు ఖాయమైందా అక్కా?’ అని రాశావు. చదివి మీ బావ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా తోమాను. వారం రోజులు ఒళ్ళు మండిపోయింది. నువ్వన్నది పచ్చి అబద్ధమైతే అంత మండేది కాదు. ఒక్కొక్క గోరు కత్తిరించాక మనసులో ఒక మాట అనుకునే అలవాటు నాకుంది: ‘దేవుడా, చూశావు కదా.’ ఆరేళ్ళుగా ఇదే వరస. అంటే నేను ఆ ముసలివాళ్ళ కోసం వెళుతున్నానా, ఆయన చూడటం కోసం వెళుతున్నానా? నీ ఉత్తరం వచ్చాక ఆ అనుమానం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అక్కడా నీలాంటివాడొకడున్నాడు. కిటికీ పక్క మంచం ఆయనది. ఓడరేవులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపాడు, అందుకని అందరూ క్రేన్ తాత అంటారు. అంతెత్తున కూర్చున్నా దేవుడు ఒక్కసారి కూడా కనపడలేదని ఆయన ఫిర్యాదు. మూడు నెలల నుంచి నేను కత్తెర తీయగానే కాళ్ళు దుప్పట్లోకి లాక్కునేవాడు. “నా గోళ్ళతో నువ్వు స్వర్గానికి మెట్లు కట్టుకోవద్దమ్మాయ్. ఇంకో మంచం చూసుకో” అనేవాడు. ఒకసారి ఎవరో నర్సు హడావుడిగా గోరు కత్తిరించి రక్తం తెప్పించిందని నర్సులనీ కాళ్ళ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి వార్డంతా ఒకటే గుసగుసలు. మర్నాడు డాక్టరు తాతని నడిపించి చూస్తాడట. బూట్లు వేసుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి తనంతట తాను నడిస్తే కూతురింటికి పంపిస్తారు. నడవలేకపోతే పై అంతస్తుకి మారుస్తారు. పై అంతస్తుకి వెళ్ళినవాళ్ళు తమ బూట్లతో కిందికి దిగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కూతురు అప్పుడే వీధివైపు గది సర్ది పెట్టింది. తాత కాళ్ళు గట్టివే. బొటనవేలి గోరొకటి వంకర తిరిగి కండలో దిగబడింది, బూటులో పాదం పెడితే ప్రాణం పోతోంది. అంతే అడ్డం.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తాత కాళ్ళు ముడుచుకున్నాడు.

“దేవుడు లేడని రేపు తేలిపోయిందనుకో, వచ్చే ఆదివారం వస్తావా?”

“తెలీదు తాతా.”

“పోన్లే, నిజం చెప్పావ్. అసలెందుకు మొదలుపెట్టావ్ ఇది?”

ఇదిగో ఇక్కడే తమ్ముడూ, ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఆయనకి చెప్పేశాను. ఆరేళ్ళ కిందట నువ్వీ ఊళ్ళోనే ఉండేవాడివి. లారీ గుద్ది ఇదే ఆసుపత్రిలో పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. నీ గోళ్ళు పెరిగాయి. పళ్ళొచ్చిన దగ్గర్నుంచీ కొరికేసే నీకు గోళ్ళంటూ ఉండటం నేను మళ్ళీ చూసింది అప్పుడే. అవి కత్తిరిస్తూ ఏడ్చాను, ఏడుస్తూ మొక్కుకున్నాను: ‘వీణ్ణి లేపు. నా చేతులాడినన్నాళ్ళూ ఇక్కడివాళ్ళందరి గోళ్ళూ కత్తిరిస్తాను.’ పన్నెండో రోజు కళ్ళు తెరిచి ఆకలన్నావు. కాబట్టి నేనడిగింది పైన సీటు కాదురా, నిన్ను ఇక్కడ కూర్చోబెట్టమని. బేరమే, కాదనను. ఎప్పుడైనా మానేస్తే మళ్ళీ నిన్నేం చేస్తాడోనని భయం కూడా ఉండేది.

తాత అంతా విని గడ్డం గోక్కున్నాడు.

“మరి మొక్కులో ఆ పట్టుముక్క ఉందా?”

నేను గోరు కత్తిరించాక చిన్న ఆకురాయితో అరగదీసి, అంచు మీదుగా పట్టుగుడ్డ ముక్క లాగి చూస్తాను. పోగు తగులుకుంటే ఇంకా గరుకుందన్నమాట, మళ్ళీ అరగదీస్తాను. ముసలి చర్మం గీసుకుంటే ఒక పట్టాన మానదు. కుట్టుపనిదాన్ని కదా, ఈ కిటుకు నాకే తోచింది.

“లేదు” అన్నాను.

“మొక్కింది కత్తిరిస్తానని. కత్తిరించి పోతే సరిపోయేది. ఇందాక ఆ ఎదురు మంచమాయనకి ఒక్క వేలు నాలుగుసార్లు అరగదీశావ్. మూడు నెల్ల నుంచి చూస్తూనే ఉన్నా, నాకు వేరే పనేముంది? ఆ నాలుగోసారి ఎవరి కోసం?”

“గీసుకుంటుందని...”

“ఎవరికి? దేవుడికా?”

“ఆయనకి తాతా! ఆ ఎదురు మంచమాయనకి!” అని విసుక్కున్నాను.

తాత పకపకా నవ్వి, దుప్పటి తీసి, కాలు నా ఒళ్ళో పెట్టాడు. “పట్టుకో. నీ మొక్కు సంగతి నువ్వూ ఆయనా తేల్చుకోండి. నాకు మాత్రం ఆ నాలుగోసారి కావాలి.”

వేడినీళ్ళలో నానబెట్టి, దూది పెట్టి, కొంచెం కొంచెంగా ఆ గోరు పైకి తీసి కత్తిరించడానికి గంటన్నర పట్టింది. ఆ ఒక్క వేలికే ఏడుసార్లు పట్టు లాగాను. ఏడోసారి నీళ్ళమీద జారినట్టు జారిపోయింది.

సోమవారం మిషను మూసేసి మళ్ళీ వెళ్ళాను. తాత నల్లబూట్లు వేసుకుని లేచాడు. కిటికీ నుంచి తలుపు దాకా, మంచం అంచు కూడా పట్టుకోకుండా నడిచాడు! తలుపు దగ్గర తిరిగి, “డాక్టరుగారూ, మళ్ళీ వెనక్కి కూడా నడవమంటారా?” అన్నాడు. వార్డంతా చప్పట్లు. నేను ఈల వేశానురా, యాభై రెండేళ్ళ దాన్ని! కూతురు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని, మెట్లు తనే దిగాడు.

తిరిగొస్తూ బస్సులో కూర్చున్నాక తట్టింది. ముందురోజు ఆ గంటన్నరలో నేను ఒక్కసారి కూడా ‘చూశావు కదా’ అనుకోలేదు. ఆ ధ్యాసే లేదు. ఆ గోరు తప్ప నాకు లోకంలో ఇంకేమీ కనపడలేదు. గెలిచానురా! నీ మీద గెలిచాను, నా అనుమానం మీద గెలిచాను, ఆరేళ్ళ భయం మీద గెలిచాను. దేవుడేమైనా చిన్నబుచ్చుకున్నాడా అంటే, నాకైతే అలా అనిపించలేదు. ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఈ ఉత్తరంలో ఆ పట్టుముక్క పెడుతున్నాను, నేను కొత్తది కత్తిరించుకున్నాను. నీ గోళ్ళ అంచున లాగి చూడు. పోగు తగులుకుంటే ఇంకా కొరుకుతున్నావనే అర్థం, మరదలికి చెప్పి మొట్టిస్తాను. వచ్చినప్పుడు నేనే కత్తిరిస్తాను. నీ గోళ్ళు మాత్రం ఏ మొక్కులోకీ రావు. నీకు పాలపళ్ళు రాకముందే అవి కత్తిరించినదాన్ని, అప్పటికి నాకు దేవుడెవరో కూడా తెలియదు.

ఇట్లు,
కిటికీ పక్క సీటు అడగని
నీ అక్క